కౌలాలంపూర్ – సింగపూర్: గంట ప్రయాణానికి ఎన్ని గంటలు?

కౌలాలంపూరు నుండి సింగపూరుకు విమానపు టిక్కెట్టు కొన్నవారికి అందులో రెండు వేళలు కనిపిస్తాయి. ఒకటి బయలుదేరే వేళ, రెండవది చేరే వేళ. రెండింటి మధ్య వ్యత్యాసం ఇంచుమించు ఒక గంట. కొన్ని పట్టికలలో గంటా పది నిమిషాలు. ఈ రెండు నగరాలలోనూ బంధువర్గం గల తెలుగు కుటుంబాలలో పెళ్ళి కుదిరినా, సీమంతం తలపెట్టినా, పెద్దవారికి ఒంట్లో నలతగా ఉన్నా మొదట వినిపించే మాట "ఎంతసేపు, గంట ప్రయాణమే కదా" అన్నదే. ఆ మాట నమ్మి, తొమ్మిదింటి ముహూర్తానికి ఏడింటి విమానం ఎక్కినవారు అక్షింతల వేళ దాటిపోయి పంక్తి భోజనాల వేళకు చేరుకోవడం వింత ఏమీ కాదు. విమానం తన వేళకే దిగి ఉంటుంది. తప్పు కొలతలో ఉన్నది.

ముందుగా దూరం సంగతి. భూమి గోళాకారం గనుక రెండు స్థలాల మధ్య అతి తక్కువ దూరాన్ని మహావృత్తపు చాపం మీద గణించాలి. అయితే ఈ రెండు నగరాలూ భూమధ్యరేఖకు ఎంతో చేరువలో ఉన్నందున గణితం సులభమవుతుంది. ఇక్కడ రేఖాంశపు డిగ్రీ కూడా అక్షాంశపు డిగ్రీతో దాదాపు సమానమే, 111 కిలోమీటర్లు. సెపాంగ్‌లోని కౌలాలంపూరు అంతర్జాతీయ విమానాశ్రయం 2.75 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 101.71 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. సింగపూరులోని చాంగీ విమానాశ్రయం 1.36 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 103.99 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. అంటే దక్షిణానికి 153 కిలోమీటర్లు, తూర్పునకు 254 కిలోమీటర్లు. ఉన్నత పాఠశాల విద్యార్థి పైథాగరస్ సిద్ధాంతంతో కర్ణం కట్టినా 296 కిలోమీటర్లు వస్తుంది. వైమానికుల లెక్కలో 160 నాటికల్ మైళ్ళు. హైదరాబాదు నుండి విజయవాడకు రోడ్డు మీద ఉన్న దూరం కన్న ఇది పెద్ద ఎక్కువ కాదు.

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోగలదన్నది అందరూ ఎరిగినదే. ఆ లెక్కన 296 కిలోమీటర్లకు 22 నిమిషాలు చాలు. మరి టిక్కెట్టు మీద గంట ఎందుకు? ఆ గంట ఆకాశంలో గడిపే కాలం కాదు. విమానపు చక్రాల కింది అడ్డుదిమ్మలు తీసిన క్షణం నుండి గమ్యస్థానంలో తిరిగి వాటిని పెట్టే క్షణం వరకు గడిచే కాలాన్ని విమాన సంస్థలు బ్లాక్ టైమ్ అంటాయి. టిక్కెట్టు మీద అచ్చయ్యేది అదే. అందులో విమానం తన నిలుపుచోటు నుండి రన్‌వే వరకు బండి వలె దొర్లుకుంటూ పోవడం, ముందున్న విమానాల వెనుక వరుసలో నిలబడడం, దిగిన తరువాత మళ్ళీ దొర్లడం అన్నీ ఇమిడి ఉన్నాయి. నేల విడిచి నేల తాకే వరకు పట్టేది సుమారు 40 నుండి 45 నిమిషాలు. ఆ కాలమంతా కూడా 800 కిలోమీటర్ల వేగం ఉండదు. పదివేల అడుగుల ఎత్తుకు దిగువన వేగం 250 నాట్లు, అనగా గంటకు 463 కిలోమీటర్లు మించకూడదన్న సాధారణ నియమం ఉన్నది. పైగా రన్‌వే ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకే లేవాలి, ఆ దిక్కునుండే దిగాలి. గమ్యం ఆగ్నేయాన ఉన్నా విమానం ముందు ఉత్తరానికి ముఖం పెట్టవలసి రావచ్చు. ఇంత చిన్న దూరంలో ఎక్కడం పూర్తి కాకమునుపే దిగడం మొదలవుతుంది. నడుమ నిలకడగా సాగే భాగం బహు స్వల్పం. కాఫీ పోసిన చేతులే కప్పు తీసుకుపోవడానికి వెంటనే తిరిగి రావడం ఈ మార్గంలో ప్రయాణించినవారికి అనుభవమే.

గాలుల వల్ల ఈ మార్గంలో పెద్ద తేడా రాదు. అమెరికా ఖండాన్ని దాటేవారికి పశ్చిమ దిశకు ఒక వేళ, తూర్పు దిశకు మరొక వేళ పట్టడానికి కారణమైన జెట్ ప్రవాహాలు భూమధ్యరేఖ దగ్గర ఉండవు. ఇక్కడి ఇబ్బంది వేరు. ఏప్రిల్ నుండి నవంబరు వరకు, తెల్లవారుజామున, మలక్కా జలసంధి మీద ఉరుములతో కూడిన మేఘాల బారు ఒకటి ఏర్పడి తూర్పునకు కదులుతుంది. సుమత్రా ద్వీపం వైపు నుండి వస్తుంది గనుక దానికి సుమత్రా అనే పేరు పెట్టారు. అది చాంగీ మీదికి వచ్చిన ఉదయం విమానాలు దూరంగా ఆకాశంలో చుట్లు తిరుగుతూ వేచి ఉండవలసిందే. పట్టికలలో గంటకు మీద పది నిమిషాలు చేర్చేది ఇటువంటి వాటికి కొంత జాగా ఉంచడానికే.

సందర్భం వచ్చింది గనుక సూర్యుని మాట కూడా చెప్పవలె. రెండు నగరాల నడుమ రేఖాంశ భేదం రెండు డిగ్రీలకు పైచిలుకు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సింగపూరులో సూర్యోదయం కౌలాలంపూరు కన్న తొమ్మిది నిమిషాల వరకు ముందుగా అవుతుంది. గడియారాలు మాత్రం ఒక్కటే. 1982 జనవరి 1న మలేసియా ద్వీపకల్పం తన గడియారాన్ని అర్ధగంట ముందుకు జరుపగా సింగపూరు అదే రోజున అనుసరించింది. నాటి నుండి రెండు చోట్లా గడియారం సూర్యునికంటె గంటకు పైగా ముందున్నది. బెజవాడలో గణించిన పంచాంగాన్ని చూచి ఇక్కడ లగ్నం పెట్టేవారు ఈ సవరణలు చేసుకోవాలి. చేయనివారే ఎక్కువ.

ఇంక ఇంధనం. విమానాలలో వాడే కిరోసిన్ ఒకే పదార్థం కాదు. ఎనిమిది మొదలు పదహారు వరకు కార్బన్ పరమాణువులు గల హైడ్రోకార్బన్ల మిశ్రమం. సగటున దానిని 12 కార్బన్లు, 23 హైడ్రోజన్లు గల అణువుగా భావిస్తే అణుభారం 167. అందులో కార్బన్ వంతు 144. ప్రతి 12 భాగాల కార్బన్ 32 భాగాల ఆక్సిజన్‌ను గాలినుండి గ్రహించి 44 భాగాల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. కనుక ఒక కిలో కిరోసిన్ మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కిలో నూనె మూడు కిలోల వాయువు ఎట్లా అవుతుందని సందేహించేవారు మరచిపోయేది ఈ ఆక్సిజన్ బరువునే.

ఇరుకు దేహపు జెట్ విమానం, 150 మంది ప్రయాణికులతో, సుమారు 65 టన్నుల బరువు గలది అనుకోవచ్చు. దానిని ఎనిమిది కిలోమీటర్ల ఎత్తుకు లేవనెత్తడానికి ఐదు వందల కోట్ల జౌళ్ళ పని చేయాలి. ఆ పైన గంటకు 800 కిలోమీటర్ల వేగం ఇవ్వడానికి మరి నూట యాభై కోట్ల జౌళ్ళు. కిలో కిరోసిన్‌లో నాలుగు కోట్ల ముప్పై లక్షల జౌళ్ళ శక్తి ఉన్నా, ఇంజను దానిలో మూడవ వంతుకు మించి పనిగా మార్చలేదు. ఈ రెండు పనులకే అర టన్ను ఇంధనం ఖర్చవుతుంది. ఈ ఖర్చు మూడు వందల కిలోమీటర్లు పోయినా, మూడు వేల కిలోమీటర్లు పోయినా ఒకటే. దిగేటప్పుడు ఆ ఎత్తు కొంత తిరిగి అక్కరకు వస్తుందన్న మాట నిజమే. ఇంజన్ల జోరు తగ్గించి జారుడుబల్ల మీద వలె రావచ్చు. కాని రద్దీ ఆకాశంలో మెట్లు మెట్లుగా దింపి, మలుపులు తిప్పి, ఆ లాభాన్ని చాలావరకు హరిస్తారు. నేల మీద దొర్లడానికయ్యే ఇంధనం సరేసరి. అన్నీ కలుపుకొని ఈ చిన్న ప్రయాణానికి సుమారు రెండు టన్నుల ఇంధనం అవుతుంది. 6.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్. మనిషికి 42 కిలోలు. అదే దారిన 350 కిలోమీటర్లు పోయే బస్సు వంద లీటర్లకు అటూ ఇటూగా డీజిల్ తాగుతుంది. ముప్పై మంది ఉంటే మనిషికి తొమ్మిది కిలోలు.

ఒక్క విమానమైతే లెక్కచేయనక్కరలేదు. 2018లో ప్రకటితమైన గణన ప్రకారం ఈ రెండు నగరాల మధ్య ఏడాదిలో 30,000కు పైగా విమానాలు నడిచాయి. అంతర్జాతీయ మార్గాలన్నిటిలోనూ అంత రద్దీ అప్పట్లో మరొకటి లేదు. పై లెక్కనుబట్టి ఏడాదికి దాదాపు 1,90,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఇన్ని విమానాలు నిండడానికి కారణం టిక్కెట్టు మీది ఆ ఒక్క గంట.

ఆ గంట ఎప్పుడూ ఇంత మోసకారి కాదు. 1947 మే 1న మలయన్ ఎయిర్‌వేస్ సంస్థ సింగపూరునుండి కౌలాలంపూరు, ఇపో, పినాంగులకు క్రమబద్ధమైన విమానాలు ప్రారంభించింది. ఎయిర్‌స్పీడ్ కాన్సల్ అనే ఆ చిన్న విమానానికి రెండు పిస్టన్ ఇంజన్లు. వేగం గంటకు 250 కిలోమీటర్లు. సింగపూరులో అది లేచింది కల్లాంగ్ నుండి. కౌలాలంపూరుకు నాటి విమానాశ్రయం సుంగై బేసి. రెండూ ఊరిని ఆనుకొని ఉన్నవే. వాటి మధ్య దూరం 313 కిలోమీటర్లు. ఆ వేగంతో లెక్కిస్తే గాలిలో గంటంబావు. తరువాత జెట్ విమానం వచ్చి ఆ గంటంబావులో అర్ధగంట తగ్గించింది. ఆ అర్ధగంటకు చెల్లించిన మూల్యం ఎక్కడ ఉన్నదో విమానాశ్రయాలు తిరిగిన దారి చూస్తే తెలుస్తుంది.

జెట్లకు పొడవైన రన్‌వేలు కావాలి, శబ్దానికి దూరం కావాలి. 1965లో కౌలాలంపూరు విమానాశ్రయం సుంగై బేసి నుండి సుబాంగ్‌కు మారింది. 1981లో సింగపూరు ద్వీపం తూర్పు కొసన చాంగీ వెలసింది. 1998 జూన్‌లో సుబాంగ్ నుండి సెపాంగ్‌కు మార్పు జరిగింది. సుబాంగ్ నుండి చాంగీకి ఆకాశమార్గాన 335 కిలోమీటర్లు. సెపాంగ్ నుండి 296. అంటే విమానాశ్రయం సింగపూరు వైపు దాదాపు 40 కిలోమీటర్లు జరిగింది. కాగితం మీద ప్రయాణం దగ్గరైంది. కాని సుబాంగ్ ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరాన ఉండగా సెపాంగ్ యాభైకి పైగా ఉన్నది. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో దాటే నలభై కిలోమీటర్లు మూడు నిమిషాల పని. వాటికి బదులు ప్రయాణికుని నెత్తిన పడిన ముప్పై కిలోమీటర్లను కారులోనో రైలులోనో దాటాలి. విమానయానం తగ్గింది, ప్రయాణం పెరిగింది. టిక్కెట్టు మీద మొదటిది మాత్రమే కనిపిస్తుంది.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో, కె.ఎల్. సెంట్రల్ స్టేషనుకు నడిచిపోయేంత దగ్గరలో ఉన్న ఒక కుటుంబం సింగపూరు సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు బయలుదేరిందని అనుకుందాం. ఇంతకంటె అనుకూలమైన ఇల్లు ఉండదు. స్టేషను చేరి, వేగపు రైలు ఎక్కి విమానాశ్రయంలో దిగడానికి నలభై నిమిషాలు. అందులో రైలు నడిచేది 28 నిమిషాలు. అంతర్జాతీయ ప్రయాణం గనుక రెండు గంటల ముందు ఉండమంటారు. టిక్కెట్టులోని గంట. దిగి, పాస్‌పోర్టు చూపించి, పెట్టె వచ్చే వరకు నిలబడి బయటపడేసరికి నలభై నిమిషాలు. చాంగీ నుండి సెరంగూన్ రోడ్డుకు మెట్రోలో బండ్లు మారుతూ ఇంచుమించు యాభై నిమిషాలు. మొత్తం ఐదు గంటల పది నిమిషాలు. రెండు నగరాల మధ్య ఆకాశదూరం 310 కిలోమీటర్లు అనుకుంటే ఈ వేగం గంటకు 60 కిలోమీటర్లు. జెట్ యుగంలో, అంత ఇంధనం కాల్చి, సాధించిన వేగం ఇది. సరిహద్దులో రద్దీ లేని రోజున బస్సు కూడా ఐదారు గంటలలోనే చేరుస్తుంది. చేతిసంచి మాత్రమే గల యువకుడు, అన్నీ ముందే చూసుకొని, నాలుగు గంటలలో చేరవచ్చు. మోకాళ్ళ నొప్పులు గల అమ్మమ్మ, ఆవకాయ జాడీ, ఇద్దరు పసిపిల్లలు వెంట ఉన్నవారికి ఆ నాలుగు గంటలు వర్తించవు.

రసాయన పరిశోధనలో ఒక పదార్థాన్ని ఐదు దశలలో తయారుచేసి, చివరి దశలో వచ్చిన తొంభై శాతం దిగుబడిని మాత్రమే ప్రకటించినవారిని ఎవరూ క్షమించరు. మొదటి ముడిసరుకు నుండి తుది పదార్థం వరకు అన్ని దశల దిగుబడిని గుణించి చెప్పాలి. ప్రయాణపు లెక్కలో మాత్రం ఐదు దశలలో అతి వేగవంతమైన దశను ఏరి చూపి, దానినే ప్రయాణకాలం అనడం మర్యాదగా చెల్లిపోతున్నది. ఇంటి గుమ్మం నుండి ఇంటి గుమ్మం వరకు పట్టే కాలాన్ని ఎవరూ ఇదమిత్థంగా చెప్పలేరన్నది సమాధానం కాదు. నగర మధ్యం నుండి నగర మధ్యానికి సగటు కాలం ఇంత, మనిషికి ఇంధనం ఇంత అని టిక్కెట్టు మీద అచ్చువేయడానికి కొత్త శాస్త్రమేమీ అవసరం లేదు. ఔషధపు సీసా మీద అందులో ఏమున్నదో రాయమని చట్టం శాసించినప్పుడు కూడా ఆనాటి వ్యాపారులు సాధ్యం కాదనే అన్నారు.

ఇందులో ఒక మినహాయింపు ఉన్నది. సింగపూరులోనో కౌలాలంపూరులోనో విమానం మారి హైదరాబాదుకో, మెల్‌బోర్న్‌కో పోయేవారికి ఈ చిన్న విమానం నిజంగా ఉపకారి. వారు ఊరిలోకి పోరు. పెట్టె కూడా దానంతట అదే మారుతుంది. విమానాలన్నీ ఆగిపోవాలని అనడం తగదు. ఊరినుండి ఊరికి పోయేవారు కూడా అవే విమానాలు నింపుతున్నారన్నదే ఆక్షేపణ.

వారికి మరొక దారి ఏర్పడబోయి ఆగిపోయింది. కౌలాలంపూరు, సింగపూరుల మధ్య అతివేగ రైలు నిర్మించాలని 2013 ఫిబ్రవరిలో రెండు ప్రభుత్వాలు ప్రకటించాయి. 2016 డిసెంబరు 13న ఒప్పందం చేసుకున్నాయి. 350 కిలోమీటర్లు, 90 నిమిషాలు. సింగపూరు కొస స్టేషను జూరాంగ్ ఈస్ట్. రెండు దేశాల తనిఖీలూ ఎక్కేచోటనే పూర్తి చేసి, దిగేచోట నేరుగా బయటికి నడిచిపోయేలా ఏర్పాటు. మలేసియా కోరిన మార్పుల మీద ఏకాభిప్రాయం కుదరక 2020 డిసెంబరు 31తో ఆ ఒప్పందం ముగిసిపోయింది. సింగపూరుకు మలేసియా చెల్లించిన పరిహారం 10 కోట్ల 28 లక్షల సింగపూరు డాలర్లు. గంట విమానం ఉండగా గంటన్నర రైలు దేనికన్న ప్రశ్న పైకి సబబుగానే తోస్తుంది. పై కుటుంబాన్నే ఆ రైలు ఎక్కించి చూడాలి. స్టేషనుకు అర్ధగంట, తనిఖీకి ముప్పాతిక గంట, రైలులో గంటన్నర, జూరాంగ్ నుండి సెరంగూన్ రోడ్డుకు ముప్పాతిక గంట. మూడున్నర గంటలు. టిక్కెట్టు లెక్కలో అర్ధగంట వెనుకబడిన రైలు గుమ్మం లెక్కలో గంటన్నరకు పైగా ముందున్నది.

రైలు పరమ పవిత్రమని చెప్పడం కూడా నిజాయితీ కాదు. మలేసియాలో విద్యుత్తు చాలావరకు బొగ్గు, సహజవాయువుల నుండి వచ్చేది. సింగపూరులో దాదాపు అంతా సహజవాయువే. వంతెనలకు, సొరంగాలకు పోసే సిమెంటు తయారీలో సున్నపురాయి నుండి వెలువడే కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాదు. అది తీరడానికి ఆ రైలు ఎన్నో ఏళ్ళు నిండుగా నడవాలి. అయినా, రైలు తన బరువును ఎనిమిది కిలోమీటర్లు పైకి ఎత్తదు. విద్యుత్తు శుభ్రపడిన కొద్దీ అదే రైలు శుభ్రపడుతుంది. విమానంలో కిరోసిన్‌కు బదులు మరొకటి పోయడం అంత తేలిక కాదు. కిలో బరువులో అంత శక్తి గల బ్యాటరీ ఏదీ లేదు.

2023లో మలేసియా ఈ పథకానికి ప్రైవేటు సంస్థల నుండి తిరిగి ప్రతిపాదనలు ఆహ్వానించగా 2024 జనవరి నాటికి ఏడు సమూహాలు తమవి సమర్పించాయి. అటువంటి ప్రతిపాదనలను తూచేవారు రైలు వేగం ఎంత అని అడగడానికి ముందు స్టేషను ఎక్కడ అని అడగాలి. ఖర్చు తగ్గించడం కోసం స్టేషనును ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరం జరిపితే సెపాంగ్ కథ పట్టాల మీద పునరావృతమవుతుంది. 2016 నాటి ఒప్పందంలో కౌలాలంపూరు కొస స్టేషను స్థలం బందార్ మలేసియా. అది 1947లో సింగపూరు విమానాలు దిగిన సుంగై బేసి మైదానమే. అక్కడి నుండి నగర మధ్యానికి నాలుగైదు కిలోమీటర్లు.